విరిచిన గొంతులు: వంతపాటా, ఎదురుపాటా?

పదహారో శతాబ్దపు ఇటలీ చర్చి సంగీతం గురించి దళిత అధ్యయనాల పత్రికలో రాయాల్సిన అవసరం ఏమొచ్చిందని పాఠకులు అడగొచ్చు. భూమి, కూలి, రిజర్వేషన్లు, దాడులు - ఇన్ని సమస్యలుండగా వెనిస్ నగరంలో ఎప్పుడో ఎవరో పాడిన పాటల గొడవ మనకెందుకు? ఈ ప్రశ్న న్యాయమైందే. దీనికి మా జవాబు మల్కాపురం నుంచి మొదలవుతుంది.

విశాఖపట్నంలో షిప్‌యార్డుకీ, రిఫైనరీకీ, నేవీ ప్రహరీలకీ మధ్య ఇరుక్కున్న పేట మల్కాపురం. 1941లో సింధియా కంపెనీ ఈ చుట్టుపక్కలే ఓడల కార్ఖానాకి శంకుస్థాపన చేయించింది. 1948లో అక్కడ కట్టిన 'జలఉష' ఓడ నీళ్ళలోకి దిగింది. 1957లో కాల్‌టెక్స్ రిఫైనరీ వచ్చింది. శ్రీకాకుళం, విజయనగరం, గోదావరి వైపుల నుంచి పని కోసం వచ్చిన జనంతో పేట పెరిగింది. వాళ్ళలో మాల మాదిగ క్రైస్తవులు ట్రంకుపెట్టెలో బైబిలూ పాటల పుస్తకమూ పెట్టుకుని వచ్చారు. ఎవరి మిషను వాళ్ళది: బాప్టిస్టు, లూథరన్, కేథలిక్, ఆ తర్వాత పెంతెకోస్తు. పాక వేసి ప్రార్థన మొదలుపెట్టిన కొన్నాళ్ళకే క్వయర్ కూడా లేచేది. వెల్డరు కూతురు నేను ఆల్టో అంటుంది. కళాసీ కొడుకు నాది బాస్ అంటాడు. ఇవి ఐరోపా మాటలే అయినా మా ఇళ్ళలో పరాయి మాటలు కావు, రోజూ నోట్లో నలిగే మాటలే.

అయితే నాలుగు గొంతుల పాట నేర్పేటప్పుడు దాంతోపాటు ఒక నిచ్చెన కూడా నేర్పుతారు. కింది మెట్టు మీద పేట పాట, డప్పు. దాని పైన రాగం తాళం రాసిన కీర్తన. ఇంకా పైన ఇంగ్లీషు హిమ్. అన్నిటికన్నా పై మెట్టున ఐరోపా పునర్వికాస కాలపు బహుబృంద గానం. మనిషి గొంతు దేవుడి వైపు ఎక్కగలిగిన ఆఖరి ఎత్తు అదేనన్నట్టు సంగీత చరిత్ర పుస్తకాలు మాట్లాడతాయి. ఎత్తు అనే మాట వినబడినప్పుడల్లా దళితులు రెండు ప్రశ్నలు వెయ్యాలి. ఆ ఎత్తు ఎవరి భుజాల మీద నిలబడింది? అందులో మనం తీసుకోదగిందేమైనా ఉందా? మేం ఇక్కడ రెండూ అడుగుతున్నాం.

ఏమిటీ బహుబృంద గానం?

పాడేవాళ్ళను రెండు మూడు బృందాలుగా చీల్చి, చర్చిలో వేర్వేరు చోట్ల నిలబెట్టి పాడించడం దీని మూలసూత్రం. ఒక బృందం ఒక చరణం పాడుతుంది, అవతలి బృందం అందుకుంటుంది. ఒక్కోసారి ఇవతలి మాట పూర్తికాకముందే అవతలి నుంచి ఎదురుమాట వస్తుంది. ఆఖరికి అన్ని బృందాలూ ఒక్కసారిగా కలుస్తాయి. బైబిల్లోని కీర్తనలను రెండు పక్షాలుగా చీలి పంచుకుని పాడే అలవాటు మఠాల్లో పాతదే. దానికి నాలుగేసి గొంతుల అల్లిక తోడవడంతో కొత్త రూపం పుట్టింది.

వెనిస్‌లోని సెయింట్ మార్క్ చర్చిలో 1527 నుంచి 1562 దాకా సంగీతాధిపతిగా ఉన్న అడ్రియాన్ విల్లార్ట్ ఈ తరహా కీర్తనలను 1550లో అచ్చు వేయించాడు. అతని తర్వాత ఆండ్రియా గాబ్రియేలి, ఆయన తర్వాతి తరపు బంధువైన జొవాన్నీ గాబ్రియేలి దీన్ని బూరలూ వాద్యాలూ చేర్చి పెంచారు. జొవాన్నీ పెద్ద సంపుటం 1597లో వచ్చింది. ఇంగ్లండులో థామస్ టాలిస్ 1570 ప్రాంతంలో ఐదుగురేసి ఉన్న ఎనిమిది బృందాలకు, అంటే 40 గొంతులకు, 'స్పెమ్ ఇన్ ఆలియుమ్' కూర్చాడు.

చరిత్ర పుస్తకాలు చాలాకాలం ఈ రూపాన్ని విల్లార్టే పుట్టించాడని, సెయింట్ మార్క్ చర్చిలో ఎదురెదురుగా రెండు ఆర్గన్ మేడలుండటమే దానికి కారణమని రాశాయి. తర్వాతి పరిశోధకులు ఈ కథను ఒప్పుకోలేదు. విల్లార్ట్ పుస్తకం కన్నా ముందే పాడువా, ట్రెవీజో, బెర్గమో వంటి ఊళ్ళ చర్చిల్లో ఇలాంటి పాట ఉందని తేల్చారు. పేరు మాత్రం రాజధానికి దక్కింది. చిన్న ఊరి కష్టం పెద్ద ఊరి ఖాతాలో పడటం మనకి కొత్త సంగతేం కాదు.

ఇటాలియన్‌లో ఈ బృందాలకి 'కోరీ స్పెత్సాతీ' అని పేరు. స్పెత్సాతీ అంటే విరిచినవి, ముక్కలు చేసినవి. దళిత అనే మాటకి కూడా అర్థం అదే గదా. 1948లో అంటరానివారి పుట్టుక గురించి రాసిన పుస్తకంలో అంబేద్కర్ మన పూర్వీకులను విరిగిపోయిన మనుషులన్నారు. తమ తెగల నుంచి తెగిపోయి, ఊరి బయట కాపురం పెట్టాల్సి వచ్చినవాళ్ళు అన్నారు. రెండు భాషల్లో ఈ మాటలు కలవడం యాదృచ్ఛికమే. కానీ ఆ కలయిక ఒక పనికొచ్చే ప్రశ్నను ఇస్తుంది. విరవడాల్లో రకాలున్నాయా?

ఉన్నాయి. దానికి సాక్ష్యం ఆ సంగీతపు వ్యాకరణంలోనే దొరుకుతుంది. జియోసెఫో జార్లీనో 1558లో రాసిన సంగీతశాస్త్ర గ్రంథంలో బహుబృంద గానానికి ఒక నియమం పెట్టాడు. బృందాలు ఒకదానికొకటి దూరంగా నిలబడతాయి కాబట్టి ప్రతి బృందమూ తనంత తానుగా సంపూర్ణంగా ఉండాలి. అవతలి బృందం వినబడకపోయినా ఇవతలి పాటలో లోటు తెలియకూడదు. పాటకి పునాది అయిన బాస్ గొంతు ప్రతి బృందానికీ దాని సొంతంగా ఉండాలి. అందరూ కలిసినప్పుడు ఆ బాసులు ఒకే స్వరం మీద గానీ, దాని పై స్థాయిలో గానీ కలవాలి. అంటే విడగొట్టినా ఎవరి పునాదినీ లాక్కోకూడదు.

జార్లీనో దీన్ని సమానత్వం కోసం రాయలేదు, చెవి కోసం రాశాడు. అయినా ఆ నియమం మన చేతికి ఒక కొలబద్ద ఇస్తుంది. టాలిస్ పాటలో 40 మందికీ ఎవరి వరస వాళ్ళదే. ఒక్కరు కూడా ఇంకొకరికి వంత కాదు. తెలుగులో వంత పాడటం అంటే సొంత మాట లేక పెద్దవాడి మాటకి తాళం వెయ్యడమని అర్థం. ఆ అర్థం ఊరికే రాలేదు. పల్లవి పలికే హక్కు ఒకడిది, దాన్ని తిరిగి పలికే బాధ్యత ఇంకొకడిది అయిన సమాజంలోంచి వచ్చింది. కులం కూడా మనుషుల్ని విరుస్తుంది. కానీ విరిచిన ముక్కకి పునాది మిగల్చదు. వాడకి భూమి ఉండదు, బావి ఉండదు, సొంత గొంతు ఉండదు. ఊరి పాటకి వంతగా మాత్రమే వాడ వినబడాలి.

ఆ ఊరి గోడలు

సంగీతంలో ఇంత న్యాయం పాటించిన వెనిస్ నగరం బతుకులో పాటించిందా? లేదు. విల్లార్ట్ కొలువులో చేరడానికి పదకొండేళ్ళ ముందు, 1516లో, వెనిస్ ప్రభుత్వం యూదులందరినీ ఒక దీవి లాంటి పేటలోకి తోసింది. రాత్రిపూట గేట్లకి తాళాలు వేసేవారు, కాపలా పెట్టేవారు. ఆ పేట పేరు గెట్టో. ఇవాళ ప్రపంచమంతా వెలివాడలకి వాడే ఆ మాట వెనిస్‌లోనే పుట్టింది. చర్చి లోపల బృందాలను విడదీసి సమానంగా మాట్లాడించిన నగరమే, చర్చి బయట మనుషుల్ని విడదీసి తాళం వేసింది. మనం పొగిడే కళాఖండాలను ఈ రెండో వాస్తవం తీసేసి చూపించడమే ఆధిపత్య సౌందర్యశాస్త్రం చేసే పని.

సెయింట్ మార్క్ అప్పట్లో బిషప్ చర్చి కూడా కాదు. రాజ్యాధినేత అయిన డోజ్ సొంత ప్రార్థనాలయం. 1807లో గానీ అది నగరపు ప్రధాన చర్చి కాలేదు. అక్కడి బహుబృంద గానం పండగలకీ, రాజ్య లాంఛనాలకీ మోగింది. దాని ఖర్చు సముద్ర వ్యాపారం నుంచి వచ్చింది. ఆ వ్యాపారం నడిపిన ఓడలను ఆర్సెనాలే అనే సర్కారు కార్ఖానాలో వేలమంది పనివాళ్ళు కట్టారు. కొత్త డోజ్ ఎన్నికైతే అతన్ని చౌకు చుట్టూ ఊరేగించే గౌరవం కూడా వాళ్ళదే. వాళ్ళ భుజాలు ఊరేగింపులో ఉన్నాయి గానీ మేడ మీద పాడిన గొంతుల్లో వాళ్ళ స్త్రీలు లేరు. పై స్థాయి వరసలను పిల్లలో మగవాళ్ళో పాడాల్సిందే. ఓడలు కట్టే పేటలో పుట్టిన మాకు ఈ లెక్క చూడగానే అర్థమైపోతుంది.

ఈ విషయంలో మల్కాపురం వెనిస్ కన్నా ముందుంది. మన చర్చిల్లో చాలాచోట్ల మగవాళ్ళొక వైపు, ఆడవాళ్ళొక వైపు కూర్చుంటారు. కీర్తన చదివేటప్పుడు ఒక వచనం ఇటు, ఒక వచనం అటు. పాట కూడా కొన్నిసార్లు అలాగే చీలుతుంది. ఆడవాళ్ళ వైపు నుంచి వచ్చే జవాబు మగవాళ్ళ వైపు కన్నా బలంగా ఉండటం మేం చాలాసార్లు విన్నాం. నాట్లేసే చేలలో, రోకటి పోటు దగ్గర ఒక గుంపు పాడితే ఇంకో గుంపు ఎత్తుకునే అలవాటు వాళ్ళ తల్లుల నుంచి వచ్చింది. ఎదురుపాట మనకి ఐరోపా నేర్పలేదు.

గెట్టోలో రెండు బృందాలు

వెనిస్ కథ గోడ దగ్గర ఆగలేదు. సంగీత చరిత్ర పుస్తకాలు ఒక పేరాలో దాటేసే మనిషి ఒకడున్నాడు. సాలమోనె రోస్సీ. మాంటువా పట్టణపు యూదుడు, గొంజాగా ప్రభువుల కొలువులో వాద్యకారుడు. యూదులు బట్టల మీద గుర్తు కట్టుకుని తిరగాలనే శాసనం నుంచి 1606లో ప్రభువు అతనికి మినహాయింపు ఇచ్చాడు. ప్రతిభ ఉన్న ఒక్కడికి మినహాయింపు, జాతికి మాత్రం గుర్తు. ఈ పద్ధతి కూడా మనం ఎరగందేం కాదు.

రోస్సీ 1622-23లో వెనిస్‌లో 33 హీబ్రూ పాటల సంపుటం అచ్చు వేయించాడు. మూడు గొంతుల నుంచి ఎనిమిది గొంతుల దాకా ఉన్న పాటలవి. ఎనిమిది గొంతుల పాటల్లో బృందాలు ఎదురెదురుగా పలుకుతాయి. చర్చి వాడుకున్న రూపాన్నే తీసుకుని, తన భాషలో, తన ప్రార్థనామందిరం కోసం కూర్చాడు. అచ్చుకి ఒక చిక్కొచ్చింది. హీబ్రూ కుడి నుంచి ఎడమకి నడుస్తుంది, స్వరలిపి ఎడమ నుంచి కుడికి. స్వరాల దిక్కు అలాగే ఉంచి, కింద ప్రతి హీబ్రూ మాటనూ దాని సొంత దిక్కులోనే అచ్చు వేశారు. చదివేవాడికి కష్టమే. అయినా మాట తన నడక మార్చుకోలేదు.

ఈ పనికి అండగా నిలిచినవాడు వెనిస్ రబ్బీ లియోనె మొదేనా. ప్రార్థనామందిరంలో ఇలాంటి పాట తగదని సొంతవాళ్ళే అభ్యంతరం పెట్టారు. మందిరం కూలి, చెరలో ఉన్న జనానికి సంగీతమేమిటని వాళ్ళ వాదం. నిషేధం లేదని మొదేనా శాస్త్రం చూపి వాదించాడు. 1628 ప్రాంతంలో గెట్టో లోపల ఒక సంగీత సభ నడిచింది. దాని పేరుకి అర్థం 'అడ్డగించబడినవాళ్ళు'. ఆ రోజుల్లోనే ఒక పండగకి గెట్టోలోని ప్రార్థనామందిరంలో రెండు బృందాలు ఎదురెదురుగా పాడితే, వినడానికి ఊరి పెద్దలు కూడా ఎగబడ్డారని, గుంపును ఆపడానికి కాపలా పెట్టాల్సి వచ్చిందని మొదేనా శిష్యుడొకడు తర్వాత రాశాడు. తాళం వేసినవాళ్ళే తలుపు దగ్గర నిలబడ్డారు.

ఇది సుఖాంతం కాదు. 1630లో సైన్యాలు మాంటువాను దోచుకున్నాయి, అక్కడి యూదులు చెదిరిపోయారు. రోస్సీ జాడ ఆ కాలంలోనే చరిత్రలో ఆగిపోతుంది. కానీ ఒక సంగతి రుజువైంది. రూపం ఎవడబ్బ సొమ్మూ కాదు. వెలివాడ దాన్ని తీసుకోగలదు. తీసుకునేటప్పుడు తన మాటను వదులుకోనక్కర్లేదు.

మన చర్చిలో పాట ఎవరిది, వంత ఎవరిది?

ఇప్పుడు మన సంగతి. విశాఖపట్నానికి లండన్ మిషనరీ సొసైటీ వాళ్ళు 1805లో వచ్చారు. జార్జ్ క్రాన్, అగస్టస్ డే గ్రాంజ్ అనే ఆ ఇద్దరూ 1810 ముగిసేలోపే చనిపోయారు గానీ తెలుగు సువార్త పని ఇక్కడే వేరూనింది. తెలుగు క్రైస్తవ కీర్తనకి ఆద్యుడిగా అందరూ చెప్పే పురుషోత్తమ చౌదరి (1803-1890) గంజాం ప్రాంతపు బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో బాప్తిస్మం తీసుకున్నాడు. 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' తెరిస్తే పాట తలమీద రాగం పేరు, తాళం పేరు కనిపిస్తాయి. ఆ కీర్తనల సాహిత్యపు విలువను మేం కాదనడం లేదు. మా అవ్వలు అక్షరం రాకుండానే వాటిని పదులకొద్దీ కంఠతా పట్టారు, చావుకీ పెళ్ళికీ పాడారు. పలికీ పలికీ ఆ రాగాలను తమ దారికి వంచుకున్నారు. పుస్తకంలో ఉన్న రాగం ఒకటి, పేటలో వినబడే వరస ఇంకొకటి. ఆ తేడాను తప్పుగా చూసినవాళ్ళున్నారు. మేం దాన్ని కూర్పుగా చూస్తాం.

కానీ ఒక లెక్క తేలాలి. తెలుగు చర్చిని జనంతో నింపింది ఎవరు? 1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళలో అత్యధికులు మాదిగలు. ఆ ఉద్యమానికి దారి వేసింది ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తోళ్ళ వ్యాపారి. జనం వాడది, పాట రాగం మాత్రం అగ్రహారానిది. ఆ తర్వాత వచ్చిన నాలుగు గొంతుల హిమ్ దొరలది. ఒక గుడిలో రెండు శిష్ట సంగీతాలు కొలువు తీరాయి. అసలు సంఘానికి మిగిలింది వంత. జార్లీనో కొలబద్దతో చూస్తే ఇది లోపమున్న కూర్పు. ఒక బృందానికి బాసే లేదు.

వంత అనగానే చిన్నచూపు చూడాల్సిన పని లేదు. బుర్రకథలో కథకుడికి అటూ ఇటూ ఇద్దరు వంతలుంటారు. ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం చెప్తారు. కథకుణ్ణి ఆపి ప్రశ్నిస్తారు. షేక్ నాజర్ (1920-1997) బుర్రకథను జనం దగ్గరికి తీసుకెళ్ళింది ఆ వంతల నోటి బలంతో కూడా. అక్కడ వంతే ఎదురుపాట అయ్యింది. చర్చిలో ఆ మార్పు రాలేదు.

కేథలిక్ చర్చి 1962-65 నాటి వాటికన్ సభ తర్వాత లాటిన్‌ను సడలించి మాతృభాషల్లో ఆరాధనకి దారి తెరిచింది. 1969లో భారతీయ ఆరాధనా పద్ధతులంటూ 12 అంశాలకి రోమ్ అనుమతి వచ్చింది. హారతి, అంజలి, పాదరక్షలు విడవడం లాంటివి. భారతీయం అంటే ఏమిటని అడిగితే గుడి అని జవాబిచ్చారు. ఆ గుడిలోకి మనల్ని రానివ్వలేదన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదా? తమిళనాడులో థియోఫిలస్ అప్పావూ (1940-2005) ఈ ధోరణికి ఎదురు నిలిచి, శాస్త్రీయ సంగీతం బదులు పల్లెపాట వరసల్లో ఆరాధన క్రమాన్నే కూర్చాడు. సత్యనాథన్ క్లార్క్ 1998లో వచ్చిన పుస్తకంలో పరై డప్పును దళిత దైవచింతనకి కేంద్రంగా నిలబెట్టాడు. అటువంటి ప్రయత్నం తెలుగు చర్చిల్లో ఇంకా అంచుల్లోనే ఉంది.

డప్పు ప్రశ్న

డప్పును చర్చిలోకి తెమ్మంటే మొదట అడ్డు చెప్పేది మన పెద్దవాళ్ళే. వాళ్ళ మాట కొట్టిపారేయాల్సింది కాదు. డప్పు కొట్టడం అప్పట్లో కళ కాదు, వెట్టి. గ్రామదేవత జాతరకి, ఊరి పెద్ద ఇంటి చావుకి పిలిస్తే వెళ్ళి కొట్టాల్సిందే. క్రైస్తవులైన మాదిగలు ఇక కొట్టం అన్నప్పుడు ఊళ్ళు వాళ్ళమీద కక్ష కట్టాయి. కాబట్టి డప్పు దించడం ఆనాటి ఆత్మగౌరవ చర్య. దాన్ని మిషనరీల మాయగా చెప్పేవాళ్ళు ఆ తరం తెగువను తక్కువ చేస్తున్నారు.

అయితే 1994లో మాదిగ దండోరా మొదలయ్యాక డప్పు అర్థం మారింది. పిలిస్తే వెళ్ళి కొట్టిన డప్పు వేరు, మనంతట మనం మన సభకి కొట్టుకున్న డప్పు వేరు. ఆ తర్వాతి ఏడాది వచ్చిన దళిత కవితా సంకలనం 'చిక్కనవుతున్న పాట' పేరులోనే పాట ఉంది. వీధిలోనూ కవిత్వంలోనూ తలెత్తిన గొంతు ఆదివారం ఉదయం చర్చి గుమ్మం బయట ఎందుకు ఆగిపోవాలి? దించడం ఎవరి నిర్ణయమో ఎత్తడం కూడా వాళ్ళ నిర్ణయమే అయినప్పుడు రెండూ ఒకే ఆత్మగౌరవం.

ఇంకో ప్రమాదం ఉంది. క్రిస్మస్ రాత్రి ఒక పాటకి రంగుకోసం డప్పు మోగించి, మర్నాటి నుంచి గుమ్మం బయట పెట్టెయ్యడం. పదిహేడో శతాబ్దపు మెక్సికోలో, ప్వేబ్లా నగరపు చర్చిలో ఇలాంటిదే జరిగింది. హువాన్ గుతియెర్రెస్ దె పాదిల్లా అక్కడ రెండు బృందాల ఆరాధనాగీతాలు గొప్పగా కూర్చాడు. అదే సంగీతజ్ఞుడు క్రిస్మస్ కోసం ఆఫ్రికన్ బానిసల యాసను అనుకరించే పాటలు కూడా కూర్చాడు. గంభీరమైన ఆరాధనకి లాటిన్, వేడుకకి బానిస యాస. డప్పుకి ఆ వేడుక పాత్ర వద్దు. దాని సొంత బృందం, సొంత పాట, సొంత బాస్ కావాలి. ఇటు నాలుగు గొంతుల క్వయర్, అటు డప్పుతో పేట బృందం. ఇటు ఒక చరణం, అటు దానికి జవాబు. ఎవరూ ఎవరికీ వంత కాకుండా, ఆఖరి చరణం ఇద్దరూ కలిసి.

విడిగా నిలబెట్టడం అనగానే మనకి భయం వెయ్యడం సహజం. తమిళనాడు వడక్కన్‌కుళంలో 1870లలో కేథలిక్కులు వెల్లాలలకి ఒక బారు, నాడార్లకి ఇంకో బారు ఉండేలా రెండు కాళ్ళ చర్చి కట్టారు. పైకి చూస్తే అక్కడా రెండు పక్షాలే. కానీ ఒక పక్షం మాటకి ఇంకో పక్షం జవాబివ్వకుండా చెయ్యడానికే ఆ గోడ. గోడ ఉన్నచోట ఎదురుపాట ఉండదు. తేడా అక్కడే ఉంది.

పేరు లేని గొంతులు

ఇంత చెప్పాక మల్కాపురం క్వయర్ల గురించి ఒక చేదు నిజం చెప్పకపోతే విమర్శ పూర్తికాదు. పాడేవాళ్ళందరి పేర్లూ ధైర్యంగా చెప్పుకోలేని స్థితి ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులైన దళితులు నేటికీ బయటే. ఆంధ్రప్రదేశ్‌లో వాళ్ళని బీసీ-సిలో పెట్టారు. 2007లో రంగనాథ మిశ్రా కమిషన్ ఈ మత నిబంధనను తొలగించమంది. 2022లో కేంద్రం బాలకృష్ణన్ కమిషన్ వేసింది. 2023 మార్చిలో రాష్ట్ర శాసనసభ తీర్మానం చేసింది. 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు పుదుచ్చేరి మహిళ కేసులో, క్రైస్తవ విశ్వాసం పాటిస్తూ ఎస్సీ కోటా అడగడం రాజ్యాంగాన్ని మోసం చెయ్యడమేనంది.

సర్కారు కార్ఖానాల మధ్య బతికే పేటకి దీని అర్థం చాలా సూటిగా ఉంటుంది. ఒకే మనిషికి సర్టిఫికెట్ మీద ఒక పేరు, ప్రార్థనలో ఇంకో పేరు. ఉద్యోగమున్నవాళ్ళు ఫొటోకి ముందు వరసలో నిలబడరు. పాటల సీడీ మీద పేరు వద్దంటారు. ఒక మనిషినే రెండు బృందాలుగా విరిచి, వాటి మధ్య జవాబుకి చోటు లేకుండా చేసింది రాజ్యం. కులం చర్చి గుమ్మం దగ్గర ఆగిపోలేదని తెలిసి కూడా, కాగితం మీద ఆగిపోయినట్టు రాసుకుంది. వెనిస్ యూదుడికి గుర్తు కట్టింది. మనకి గుర్తు దాచుకోమని చెప్తోంది. తన గొంతుతో తాను కనబడకూడదన్న శాసనం రెండుచోట్లా ఒకటే.

కాబట్టి బహుబృంద గానాన్ని దళిత విద్యార్థులు వినాలి, నేర్చుకోవాలి, కావాలంటే పాడాలి. నిచ్చెన పై మెట్టని మొక్కాల్సిన పని లేదు. దొరల సరుకని విసిరెయ్యాల్సిన పనీ లేదు. రోస్సీ చేసినట్టు రూపాన్ని తీసుకుని, మాటను మన దిక్కులోనే నడిపించాలి. చర్చి కమిటీల్లో, క్వయర్ సాధనల్లో, వేదాంత కళాశాలల సిలబస్‌లలో జార్లీనో నియమాన్ని ప్రశ్నగా మార్చి అడగాలి: ఈ కూర్పులో ఏ బృందం తనంత తాను సంపూర్ణంగా ఉంది, ఎవరి పునాదిని ఎవరు తీసుకున్నారు, ఎవరు ఎవరికి జవాబివ్వగలుగుతున్నారు? ఆ ప్రశ్న చర్చిలో మొదలైతే అక్కడితో ఆగదు. యూనియన్ ఆఫీసు దాకా, యూనివర్సిటీ డిపార్ట్‌మెంట్ దాకా, అసెంబ్లీ దాకా వెళ్తుంది. మనల్ని విరిచారు, నిజమే. విరిగిన ప్రతి ముక్కకీ దాని బాస్ దానికి ఉండాలనడమే మన రాజకీయం.